సన్‌షేడ్ కోసం చేసిన పెళ్లివాకబు

నేను జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. పైనుంచి వదిలిన వస్తువు కిందికే పడుతుందని ఏటా కొత్త పిల్లలకి కొత్తగా చెబుతూ ఉంటాను. అందుచేత మా ఇంటి ముందు సన్‌షేడ్ నుంచి అరచేతి మందాన పెచ్చు ఒకటి ఊడి మా ఆవిడ కుట్టుమిషను మీద పడినప్పుడు, ఇంట్లో ఎవరూ నా దగ్గర ఆశ్చర్యాన్ని ఆశించలేదు.

పడిన సమయానికి ఆవిడ మిషను దగ్గర లేదు. కుళాయి వచ్చిందని బిందె పట్టుకుని లోపలికి వెళ్లింది. వేళాపాళా లేకుండా వచ్చే ఆ కుళాయిని అంతకుముందు మేము చాలా మాటలు అనేవాళ్లం. ఆ రోజు నుంచి ఏమీ అనడం లేదు.

మా వీధి వసారాయే ఆవిడ కుట్టు దుకాణం. వెలుతురు కోసం మిషను వసారా అంచున, సరిగ్గా సన్‌షేడ్ కిందే ఉంటుంది. పక్కన ఒక బల్ల, గోడకి ఒక అద్దం. ఆడవాళ్లు వీధిలోంచి నేరుగా వచ్చి, బల్ల మీద కూర్చుని, జాకెట్టు గుడ్డ ఇచ్చి, దాంతోపాటు వీధిలో జరిగినవన్నీ ఇచ్చి వెళతారు. పెచ్చు పడ్డాక మిషను పడగ్గదిలోకి మారింది. వసారాలోకి వచ్చినంత తేలిగ్గా ఎవరూ పడగ్గదిలోకి రారు కదా. మగవాళ్లు మసిలే గదిలో కొలతలివ్వడానికి వాళ్లకి మొహమాటం. ఆ మగవాళ్లంటే నేనే.

ఈలోగా మా సందు మొదట్లో అద్దాల తలుపులతో ఒక బొటిక్ తెరిచారు.

"శ్రావణమాసం లోపల వసారా తెరవకపోతే ఇంక తెరవక్కర్లేదండీ. ఒకసారి అక్కడ కుట్టించుకోడం అలవాటైతే మళ్లీ ఇటు రారు" అంది మా ఆవిడ. మామూలుగా ఆవిడ బెదిరింపులకి ఒక రాగం ఉంటుంది. ఈ మాట రాగం లేకుండా అంది. అప్పుడు రోహిణి కార్తె నడుస్తోంది.

మరమ్మతు చేయించడం మాకు కొత్త కాదు. అదే చిక్కు. కిందటేడు ఇదే సన్‌షేడ్‌కి ఒక మేస్త్రీ పెచ్చులూడిన చోటల్లా సిమెంటు మెత్తి, పైన తెల్లరంగు వేసి, "ఇంక దీని సంగతి మీ మనవలు చూసుకుంటారండి" అని చెప్పి వెళ్లాడు. మా అబ్బాయి ఇంకా పదో తరగతి. మేస్త్రీ వేరే ఏదో ఆశించి ఉండాలి. పెచ్చు పడ్డ రోజు ఆయన నంబరుకి ఫోన్ చేస్తే చేపల మేత అమ్మే ఎవరో ఎత్తి, నాకు చెరువు ఎన్ని ఎకరాలని మర్యాదగా అడిగారు.

అందుకని ఈసారి ఎవరినీ నమ్మకూడదని నిర్ణయించుకున్నాం. ఎవరినీ నమ్మకుండా ఇల్లు బాగుచేయించుకోవడం ఎలాగో మాత్రం తెలియలేదు. దానికి నా బావమరిది ఉపాయం చెప్పాడు. అతనికి మోటారు పంపుల షాపు ఉంది. ప్రపంచంలో ప్రతి వస్తువుకీ ఎక్కడో ఒకచోట అధీకృత డీలరు ఉంటాడని, నమ్మకానికి కూడా ఉండే ఉంటాడని అతని అభిప్రాయం.

"సర్టిఫైడ్ కాంట్రాక్టరున్నాడు బావగారూ. ఒట్టి మేస్త్రీ కాదు. సర్టిఫికెట్ ఉంది" అన్నాడు.

ఆ సర్టిఫైడ్ కాంట్రాక్టరు మర్నాడు చెప్పిన టైముకే వచ్చాడు. మా వైపు ఇంటిపని చేసేవాళ్లు చెప్పిన టైముకి వస్తే మనసు కొంచెం కీడు శంకిస్తుంది. ముప్పై దాటని మనిషి. ఇస్త్రీ చొక్కా, తలకి హెల్మెట్. బండి దిగాక కూడా హెల్మెట్ తీయలేదు. మా సన్‌షేడ్ కింద నిలబడి ఉన్నాడు గనక అందులో నాకు తప్పు కనపడలేదు.

అడగకుండానే సర్టిఫికెట్ చూపించాడు. నీరు దిగకుండా పూసే రసాయనాల కంపెనీ ఒకటి రాజమండ్రిలో హోటల్లో శిక్షణ ఇచ్చి, దాన్ని ఇచ్చిందట.

"ఎన్నాళ్లండి శిక్షణ?" అన్నాను.

"పొద్దున్నించి సాయంత్రం దాకా అండి."

"మధ్యలో భోజనం?"

"పెట్టారండి. బాగుందండి."

నేను బావమరిది వైపు చూశాను. అతను సర్టిఫికెట్ మీద ఉన్న బంగారు రంగు ముద్ర వైపు చూస్తున్నాడు.

కాంట్రాక్టరు నిచ్చెన వేసుకుని చిన్న సుత్తితో సన్‌షేడ్‌ని ఈ చివర నుంచి ఆ చివర దాకా తట్టాడు. తట్టిన ప్రతిసారీ తల పక్కకి వంచి చప్పుడు విన్నాడు. దిగి వచ్చి, "ఇది పెచ్చు సంగతి కాదండి. లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బిందండి. ఉప్పుగాలి కదండీ. అతికితే మళ్లీ పడిపోద్దండి. మొత్తం కొట్టేసి కొత్తది పోయాలండి" అన్నాడు.

తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుందన్నది నిజమే. నేనే చెబుతాను పాఠంలో. కానీ మన పాఠం ఎదుటివాడి నోట వినేటప్పటికి, నన్ను నమ్మించడానికే ఎక్కడో చదువుకుని వచ్చాడేమో అనిపించింది. పైగా చిన్న పనికి పిలిస్తే పెద్ద పని చెప్పాడు. పైగా మా ఆవిడ కాఫీ తెస్తే, "పని ఒప్పుకున్నాక తాగుతానండి" అని వద్దన్నాడు. గోదావరి జిల్లాల్లో ఒక ఇంటికి వెళ్లి కాఫీ వద్దనేవాళ్లు ఇద్దరే. ఒకరు షుగరు పేషెంటు. రెండోవారు దేనికో సిద్ధపడి వచ్చినవారు.

వెళ్లేముందు ఆయన ఒక మాట అడిగాడు. "సార్, ఈ చుట్టుపక్కల నేను చేసిన ఇళ్లు ఉన్నాయండి. తీసుకెళ్లి చూపించమంటారా? వానలు తిన్నవి కూడా ఉన్నాయండి."

చూపించమని చెప్పాలి. మా ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు. కానీ ఎదురుగా నిలబడి అడుగుతున్న మనిషితో, 'అవును, మీ మాట మీద నమ్మకం లేదు, పదండి చూద్దాం' అని ఎలా అంటాం?

"అబ్బెబ్బే, ఎందుకండీ! మీరు చెబితే చాలదూ?" అన్నాను.

"భలేవారే, మీ మొహం చూస్తే తెలియట్లేదా అండి!" అన్నాడు బావమరిది.

ఆయన అలా గేటు దాటాడో లేదో, "ఆదివారం వాళ్ల ఊరెళ్లి వాకబు చేద్దాం బావగారూ" అన్నాడు అదే బావమరిది. నాకూ అది సబబుగానే తోచింది. మొహం మీద అడగడం అమర్యాద. వెనకాల ఆరా తీయడం ఆచారం. మా తాతలు ఎద్దుని కొన్నా, కోడలిని తెచ్చుకున్నా చేసింది అదే.

కాంట్రాక్టరు ఊరు పెనుగొండ అవతల. బావమరిది కారు తెచ్చాడు. పొరుగూరు వెళుతున్నాం గనక మా ఆవిడ మంచి చీర కట్టుకుంది. ఆవిడ మంచి చీర కట్టుకుంది గనక నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. బావమరిది ఎప్పుడూ తెల్లబట్టలే. రావులపాలెంలో కారాపి అరటిపళ్లు కొంటానన్నాడు.

"ఎవరికిరా?" అంది మా ఆవిడ.

"ఎవరో ఒకరికి. ఊరుకాని ఊరెళ్తూ చేతులూపుకుంటా వెళ్తామా అక్కా?"

"అయితే ఒక హస్తం చాల్లే."

"రావులపాలెం దాకా వచ్చి హస్తం కొంటే నవ్వుతారే. గెల తీసుకుందాం."

చక్కెరకేళి గెల వెనక సీట్లో మా ఆవిడ పక్కన కూర్చుంది. సిద్ధాంతం వంతెన దాటి, గోదావరికి దణ్ణం పెట్టుకుని, ఎండ ముదిరే వేళకి ఆ ఊరు చేరాం. ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఊరివాళ్లకి మేము ఎలా కనపడ్డామో మాకు అప్పుడు తట్టలేదు. ఇస్త్రీ బట్టల్లో ఇద్దరు మగాళ్లు, పట్టుఅంచు చీరలో ఒక ఆడమనిషి, కారులో అరటిగెల. పెళ్లికాని కుర్రవాడి పేరు చెప్పి, మనిషి ఎలాంటివాడని అడుగుతున్నారు.

మొదట కిరాణా కొట్టాయన్ని అడిగాం. ఆయన మమ్మల్ని చూశాడు. కారుని చూశాడు. గెలని చూశాడు. వెంటనే బల్ల వెనక నుంచి బయటికొచ్చి స్టూళ్లు వేశాడు.

"మనిషా అండి? బంగారమండి" అన్నాడు.

"తాగుడూ అదీ?" అన్నాడు బావమరిది గొంతు తగ్గించి.

"తాగుతాడండి. మజ్జిగ."

"కోపం?"

"కోపమంటే ఎలాగుంటదో ఆ కుర్రాడికి తెలీదండి."

"ఒప్పుకున్న మాట మీద నిలబడతాడా?"

"రాముడండీ బాబూ!"

తరవాత మోపెడ్ మీద పచ్చగడ్డి మోపుతో పోతున్న రైతొకాయన ఆగి, మేము అడగకుండానే, "ఊళ్లో అలాంటి కుర్రాడు ఇంకోడు లేడండి. కళ్లు మూసుకుని ముందుకెళ్లిపోండి" అని చెప్పి, గడ్డితో సహా ముందుకెళ్లిపోయాడు. మూడో ఇంటి అరుగు మీద చింతపండులో గింజలు తీస్తున్న ఒక ముసలావిడ కూడా బంగారమనే అంది.

నాకు అప్పుడు అనుమానం బలపడింది. మా జిల్లాల్లో ఒక మనిషి గురించి ముగ్గురు ఒకే మంచి మాట చెప్పారంటే ఆ మనిషి పోయైనా ఉండాలి, ఊరంతటికీ అప్పిచ్చైనా ఉండాలి. బతికున్నవాడిలో ఒక్క లోపం కూడా ఎవరూ చెప్పకపోవడం నేను అంతకుముందు ఎరగను. ముందే మాట్లాడిపెట్టాడంటావా అని బావమరిదిని సైగతో అడిగాను. అంత పెద్ద కాంట్రాక్టరంటారా అని అతను కూడా సైగతోనే అన్నాడు.

ముసలావిడ గింజలు పక్కకి తోసి, మా ఆవిడని దగ్గర కూర్చోబెట్టుకుంది. "అమ్మాయేం చదివిందమ్మా?" అంది.

"ఏ అమ్మాయండి?" అన్నాడు బావమరిది.

"అదేంటి బాబూ! మీ అమ్మాయే. సంబంధానిగ్గదా వచ్చారు, గెల కూడా తెచ్చుకుని."

ముగ్గురం కారు వైపు చూశాం. వెనక అద్దంలోంచి గెల తాపీగా మా వైపు చూస్తోంది.

సంగతి తెలిశాక మూడు బంగారాలూ మట్టయిపోయాయి. పెళ్లి వాకబుకి వచ్చినవాళ్ల దగ్గర కుర్రవాడి మీద ఒక్క పొల్లు మాట అనడం మా వైపు ఎవరూ చేయరు. వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. ఈ ఊరు మా కోసం వాటిలో మొదటి మూడు ఆడిపెట్టింది. అవి నిజాలూ కావచ్చు. ఏది ఏదో ఇప్పుడు విడదీయడానికి లేదు.

మా ఆవిడే నోరు తెరిచింది. "అమ్మాయి లేదండీ మామ్మగారూ. మాకు ఒక్కడే మగపిల్లాడు. మా ఇంటి సన్‌షేడ్ ఊడిపోతోంది. ఆయన చేత చేయిద్దామని, ఎలాంటివారో కనుక్కుందామని."

"సన్‌షేడా?"

"ఆయ్."

ముసలావిడ మా ముగ్గుర్నీ లెక్కపెట్టినట్టు చూసింది. సన్‌షేడ్‌కి ఇంతమంది బయల్దేరి వస్తారా అని ఆలోచిస్తున్నట్టుంది. నేను అవకాశం పోనివ్వకుండా, "ఇప్పుడు చెప్పండి మామ్మగారూ, మనిషి ఎలాంటివాడు?" అన్నాను.

"ఇప్పుడు చెబితే బాగోదు బాబూ. ఇందాకే బంగారమని చెప్పేశాను" అంది.

ఇంతలో వీధి చివర నుంచి కాంట్రాక్టరు తల్లి వచ్చింది. కబురు మాకంటే ముందు నడిచింది. ఆవిడ చీర మార్చుకుని, తల దువ్వుకుని వచ్చింది. ఆ తడి ముంగురులు చూసినప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. "ఎండలో నిలబెట్టేశారమ్మా మిమ్మల్ని! రండి, ఇల్లు ఇక్కడే" అని మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. చెయ్యి పట్టుకున్న మనిషికి నడివీధిలో నిజం చెప్పడం కుదరక, వెనకాలే నడిచాం. బావమరిది గెల కూడా మోసుకొచ్చాడు. ఎందుకు మోశావని తరవాత అడిగితే, అంతమంది చూశాక కార్లో ఉంచితే బాగోదన్నాడు.

ఆ ఇంటి ముందు నేను ఆగిపోయాను. కాంట్రాక్టరు సొంత ఇంటి సన్‌షేడ్‌కి పెచ్చులన్నీ ఊడి, చువ్వలు బయటికి వేలాడుతున్నాయి. పైన యూరియా సంచులు విప్పి కుట్టిన పరదా ఒకటి కట్టి ఉంది. మా సన్‌షేడ్ దీని ముందు పెళ్లికూతురు. బావమరిదిని మోచేత్తో పొడిచాను. నా జీవితంలో తుప్పుని అంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు. పొద్దున్నుంచి దొరకని సాక్ష్యం, అడ్రసుతో సహా దొరికింది.

లోపల జంతికలు, కాఫీ వచ్చాయి. మా ఆవిడ గ్లాసు ముట్టుకోకుండా ముందు సంగతి చెప్పేసింది. ఆ తల్లి పళ్లెంలో జంతికలు ఇంకోసారి సర్దింది. కాసేపటికి, "పోన్లెండి. కాఫీ చల్లారిపోద్ది, తాగండి" అని, తనూ ఒక పీట లాక్కుని కూర్చుంది.

కూర్చున్నాక మనిషి మారింది. "సంబంధానికైతే చచ్చినా చెప్పనండి. పనికన్నారు గాబట్టి చెప్తున్నాను. మావాడు ఒట్టి మొండోడండి."

నేను గ్లాసు కింద పెట్టి ముందుకి వంగాను. ఆ రోజు విన్న మొదటి చెడ్డమాట అది.

ఈ ఊళ్లోనే ఒక పెద్దాయన ఇల్లు కట్టిస్తుంటే, పిట్టగోడ సరిగ్గా రాలేదని గృహప్రవేశం ముందురోజు తన పనివాళ్లు కట్టిన గోడ తనే కొట్టేశాడట. చుట్టాలందరూ పిట్టగోడ లేని మేడ మీద భోజనాలు చేసి, పిల్లల్ని కొంగులకి కట్టుకుని కూర్చున్నారట. ఆ పెద్దాయన ఇప్పటికీ కనపడ్డ ప్రతివాడికీ అది చెబుతాడట. "అందుకే నాలుగు సంబంధాలు వాకిటిదాకా వచ్చి పోయాయండి. మరి మా సన్‌షేడ్ చూశారుగా! ఇంకో మేస్త్రీని పిలుస్తానంటే ఒప్పుకోడు. తనే చేస్తాడంట. తనకా, తీరికుండదు. ఏం మనిషండీ?"

తిరుగు ప్రయాణంలో కారులో వాదన మొదలైంది. సొంత ఇంటికి పరదా కట్టుకున్నవాడికి మన ఇల్లు అప్పజెప్పడమేమిటని నేను. కన్నతల్లే మొండోడంటే ఇంక సాక్ష్యం కావాలా అని బావమరిది. ఆ తల్లి మాటలు కూడా కొడుక్కి పని ఇప్పించడానికి వేసిన ఎత్తు కావచ్చని నేను ఒక కొత్త కోణం చూపించాను. అంత లోతు నాకే కొంచెం ఎక్కువనిపించింది గానీ అన్నమాట వెనక్కి తీసుకోలేదు.

మా ఆవిడ వంతెన ఎక్కేదాకా మా వాదన వింది. గెల పోయిన సీట్లో కాస్త సర్దుకుని కూర్చుని, కుడి చెయ్యి పైకెత్తింది.

"ఇటు చూడండి."

జాకెట్టు చంక కింద కుట్టు జానెడు ఊడిపోయి ఉంది. లోపల పిన్నీసు పెట్టుకుంది.

"ఊరందరికీ నేనే కుడతాను. ఇది ఎప్పుడు ఊడిందో కూడా గుర్తులేదు. నా జాకెట్టు చూసి నాకెవరైనా గుడ్డ ఇస్తారా?"

"అదీ ఇదీ ఒకటి కాదు కదా" అన్నాను.

"కాదు. పని ఆయనకే ఇస్తున్నాం."

"ఆలోచిద్దాం..."

"పెచ్చు మీ పాఠాల మీద పడలేదండీ. నా మిషను మీద పడింది" అంది. బావమరిది రేడియో పెట్టాడు.

సోమవారం కాంట్రాక్టరు వచ్చాడు. మా ఆవిడ పని ఒప్పుకోమంది. అప్పుడు కాఫీ తీసుకున్నాడు. సగం తాగాక, "నిన్న మా ఊరొచ్చారటండి" అన్నాడు.

"ఆ... అటు ఏదో పనుండి..." అన్నాను.

"అరటిపళ్లు బాగున్నాయండి."

నేను సన్‌షేడ్ వైపు చూశాను.

"చేసిన ఇళ్లు చూపిస్తానన్నానండి" అన్నాడు.

"అన్నారు."

"వద్దన్నారండి."

"అన్నాను."

మిగతా సగం కాఫీ ఆయన తాపీగా తాగాడు. ఆ తరవాత ఎప్పుడూ ఆయన ఆ ఊసెత్తలేదు. నేను మాత్రం దాన్ని కూడా అనుమానించాను. మనసులో పెట్టుకుని సిమెంటులో చూపిస్తాడేమోనని.

వేసవి సెలవులు గనక వీధిలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. సరుగుడు కర్రల బాదులతో పరంజా లేచింది. పాత సన్‌షేడ్ రెండు రోజులు దెబ్బలు తింటూ కూలింది. లోపలి చువ్వలు తెగిన జంతికల్లా పొడిపొడిగా రాలాయి. ఉబ్బిందన్న మాట అబద్ధం కాదు. ఆ విషయంలో నాకు కాస్త నిరాశ కలిగింది. ఇసుక దిగినప్పుడు మళ్లీ ఆశ పుట్టింది. సముద్రం వైపు ఉప్పు ఇసుక కలిపి అమ్ముతారని ఎవరో అన్నారు గనక, చుట్టూ చూసి, చిటికెడు నాలిక మీద వేసుకున్నాను.

"ఎలా ఉంది బావగారూ? ఉప్పు సరిపోయిందా?" అన్నాడు వెనక నుంచి బావమరిది.

ఉప్పు లేదు. రుచి మాత్రం రెండు రోజులుంది.

కొత్త సన్‌షేడ్ పోయడం మొదలుపెట్టిన రోజు కాంట్రాక్టరు వేరే పని మీద పోయి సాయంత్రానికి రాలేదు. పనివాళ్లు ఒక చివర పోసేసి వెళ్లారు. నునుపుగా, అందంగా ఉంది. మర్నాడు ఆయన వచ్చి నిచ్చెనెక్కి, మేకుతో గీసి చూశాడు. దిగి, సమ్మెట తీసుకుని మళ్లీ ఎక్కాడు.

"ఏవండీ, ఏవండీ!" అంటూ మా ఆవిడ లోపలి నుంచి వచ్చేటప్పటికి మొదటి దెబ్బ పడింది.

"సిమెంటు మాలు కలపడం కష్టమని నీళ్లెక్కువ పోసేశారండి. ఇది ఆగదండి" అన్నాడు పైనుంచి. ఆయన మేస్త్రీ కింద నిలబడి నేల చూస్తున్నాడు.

నాకు తోచింది ఒకటే. ఇది నా కోసం ఆడుతున్న నాటకం. అనుమానపు మేష్టారు కుర్చీలో కూర్చున్నాడు గనక ఆయనకి ఒక అంకం చూపిస్తున్నారు. తల్లి చెప్పిన పిట్టగోడ కథ కూడా ఇందులో మొదటి రంగమేమో. కానీ ప్రేక్షకుణ్ణి నేనొక్కణ్ణే. నాలాంటివాడొక్కడి కోసం ఇంత సిమెంటు మట్టిలో పోస్తారా అన్న దగ్గర నా తర్కం ఆగిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

నష్టం మాత్రం నాటకం కాదు. మళ్లీ సరుకు దిగేదాకా ఆగి, మళ్లీ పోసి, గోనె సంచులు కప్పి, పూటపూటా తడుపుతూ ఉండగానే ఆషాఢం వెళ్లిపోయింది. తడి సన్‌షేడ్‌కి దన్నుగా కింద నిలబెట్టిన బాదుల అడివిలో మిషను కాదు కదా, పిల్లి దూరే చోటు కూడా లేదు. వరలక్ష్మీ వ్రతానికి కొత్త జాకెట్లు కావలసినవాళ్లు మా గేటు దాకా వచ్చి, బాదుల్ని చూసి, "అయ్యో, ఇంకా అవలేదా?" అని, అద్దాల తలుపుల వైపు వెళ్లారు. వాళ్లలో మా ఆవిడ పదేళ్లుగా కుట్టిపెడుతున్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు వెళుతుంటే ఆవిడ వసారాలో నిలబడి చూసింది. అనడానికి నాకు హక్కున్న మాటలన్నీ వంతెన మీదే అయిపోయాయి.

కాంట్రాక్టరుతో పోట్లాట ఆవిడే పెట్టుకుంది.

"శుక్రవారానికి బాదులు తీసేయండి. అందరూ ఇంతకు ముందే తీసేస్తారు."

"తీస్తారండి."

"మీ అమ్మగారు ముందే చెప్పారు మీరు మొండివారని!"

"ఆయ్."

"ఆయ్ అంటే?"

"శుక్రవారం తీసెయ్యమంటే తీసేస్తానమ్మా. మీరు కింద కూర్చోనని మాటివ్వండి."

ఆవిడ లోపలికి వెళ్లి, పడగ్గదిలో మిషను ముందు కూర్చుంది. చాలాసేపటికి గానీ చప్పుడు వినపడలేదు.

బాదులు శ్రావణం సగం గడిచాక తీశారు. అదే వారం వాన పట్టింది. గోదావరి వాన ఎలాగూ ఎవరి సర్టిఫికెట్టూ అడగదు. ఒక్క వాన చూశాక మిషను బయటికి తెద్దామన్నాను. ఆవిడ వినలేదు. ఇద్దరం పట్టుకుని పాత చోటే, అంచునే పెట్టాం. వాన జోరందుకోగానే ఫోన్ మోగింది. కాంట్రాక్టరు.

"సార్, ఎక్కడన్నా కారుతుందాండి?"

ఆయన అడక్కపోతే నేను అనుమానించి ఉండేవాణ్ణి కాదు. కారుతుందని తెలిసే అడుగుతున్నాడా? ఏ మూల చూడాలో నోరు జారతాడేమోనని, "ఎక్కడ చూడమంటారు?" అన్నాను.

"అన్ని చోట్లా చూడండి" అన్నాడు.

అన్ని చోట్లా చూశాను. అడుగున అరచెయ్యి రాసి చూశాను. పొడిగా ఉంది. ఇప్పటికి లేదని చెప్పాను. ఇప్పటికి అన్న మాట కొంచెం ఒత్తి పలికాను. రేపు ఒకసారి వచ్చి చూస్తానని ఫోన్ పెట్టేశాడు.

అప్పుడే వీధిలో వెళుతున్న ఒకావిడ, ఇంకొకావిడ వానకి పరిగెత్తుకుంటూ వచ్చి మా సన్‌షేడ్ కింద దూరారు. మొదటావిడ పాత ఖాతాదారే. మధ్యలో అద్దాల తలుపులకి వెళ్లొచ్చింది. కొంగుతో తల తుడుచుకుంటూ, "అక్కడ చేతులు బిగుతుగా కుట్టారండీ" అంది, ఎవరూ అడగకుండానే. రెండో ఆవిడ పైకి చూసి, "బాగా చేశారే! ఎవరండీ చేసింది? మంచోడేనా?" అంది.

"మొండోడండి. చెప్పిన రోజుకి ఇవ్వడు. మన తొందర వినడు" అని, మా ఆవిడ బల్ల మీది గుడ్డలు పక్కకి జరిపి వాళ్లకి చోటిచ్చింది. "నంబరు కావాలా?"

"ఇవ్వండి" అంది ఆవిడ.

నేను ఇంకా గుమ్మంలోనే నిలబడి, కుడివైపు మూల చిన్న మచ్చలాంటిది కనపడితే అది తడో, నీడో తేల్చుకుంటున్నాను. బల్ల మీద కూర్చోబోయిన మొదటావిడ నా మొహం చూసి, తనూ పైకి చూసి, కూర్చోకుండా నిలబడిపోయింది.

మా ఆవిడ మిషను ఆపింది. "ఏవండీ, మీరలా పైకి చూస్తూ నిలబడితే ఇక్కడ ఎవరూ కూర్చోరు. లోపలికెళ్లండి" అంది.

వెళ్లాను. లోపలి కిటికీలోంచి కూడా ఆ మూల బాగానే కనపడుతుంది.